ప్రాణమున్న రాయి కోసం బెంగళూరులో నాలుగు రోజులు

మొదటి రోజు

కార్తీకమాసపు చలిలో తెల్లవారుజామున ఐదు గంటలకు అనంతపురంలో బస్సెక్కాను. పెనుకొండ దాటి ఎండ పొడ పడేదాకా కిటికీ అద్దం తీయలేకపోయాను. ఒళ్ళో పెట్టుకున్న చేతిసంచిలో బట్టలూ పుస్తకాలూ కాక కాగితపు పొట్లం ఒకటుంది. అందులో ఉన్నవి రెండే వస్తువులు: తెగిన వేరు ముక్క ఒకటి, ఎండి గట్టిపడిన మూడుకోణాల బొడిపె ఒకటి. ఈ ప్రయాణం ఆ రెంటి కోసమే.

రెండేళ్ళ కిందట, నేను ఎన్నో ఏళ్ళుగా ఫొటోల్లో చూసి ఇష్టపడిన అరియోకార్పస్ అనే కాక్టస్‌ను ఒక అమ్మకందారు దగ్గర తపాలాలో తెప్పించుకున్నాను. ఉత్తర మెక్సికోలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న పశ్చిమ టెక్సాస్‌లోనూ పరుచుకున్న చివావా ఎడారిలో, సున్నపురాయి గుట్టల మీద పెరిగే మొక్క అది. కాక్టస్ అనగానే మనకు ముళ్ళు గుర్తొస్తాయి గానీ ఎదిగిన అరియోకార్పస్‌కు ముళ్ళు ఉండవు. నేలకు అంటుకుపోయి, పగిలిన బూడిదరంగు రాళ్ళ గుత్తిలా ఉంటుంది కనుక అక్కడివాళ్ళు దాన్ని 'లివింగ్ రాక్', అంటే ప్రాణమున్న రాయి అంటారు. నాకు చేరిన మొక్క అరచేతి వెడల్పున ఉంది. బొడిపెల అంచులు ఒరుసుకుపోయి ఉన్నాయి, అడుగున బెరడు కట్టి ఉంది, తల్లివేరు అడ్డంగా తెగి ఉంది. వయసు మీరిన మొక్క దొరికిందని సంబరపడి కుండీలో నాటి నీళ్ళు పోశాను. నెల తిరగకుండానే అడుగునుంచి మెత్తబడి కుళ్ళిపోయింది. కుళ్ళకుండా మిగిలిన ఆ రెండు ముక్కలను పారేయడానికి మనసొప్పలేదు. అది ఎందుకు చనిపోయిందో, అసలు అది నా దగ్గరికి ఎలా వచ్చిందో తెలిసినవారిని అడగాలని అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను.

పది గంటలకల్లా బెంగళూరు చేరాను. మా మేనమామ జయనగరంలో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నారు. ఆయనతో పాటు ఉద్యోగం చేసి విరమించిన పెద్దాయన ఒకరు యలహంకలో, తన మిద్దె మీద నలభై ఏళ్ళుగా కాక్టస్‌లు పెంచుతున్నారు. అరియోకార్పస్‌కు పూలు శరదృతువులోనే వస్తాయని, ఇప్పుడు వస్తే చూడవచ్చని ఆయనే మామయ్యతో కబురు పంపారు.

సాయంత్రం మామయ్య నన్ను లాల్‌బాగ్‌కు తీసుకెళ్ళారు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన ఆ తోటలో జనమంతా గాజు మేడ వైపు నడుస్తుంటే మేము కెంపేగౌడ బురుజు ఉన్న పెద్ద బండ ఎక్కి కూర్చున్నాం. ఆ నైస్ శిల వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా దాన్ని గుర్తించారు. పగటి ఎండకు కాగిన రాయి చీకటి పడుతున్నా చల్లారలేదు. దాని మీద చెయ్యి ఆనించి మామయ్య ఒక ప్రశ్న వేశారు. "మొక్క రాయిలాగా కనిపిస్తే దానికి ఒరిగేదేమిటమ్మా?"

నాకు తెలిసినంతలో చెప్పాను. ఎడారిలో నీరు నిలవచేసుకున్న ప్రతి మొక్కా దాహంతో తిరిగే జంతువుకు నీటికుండే. కుందేళ్ళూ అడవిపందిని పోలిన జావెలీనాలూ తిరిగే ఆ నేలలో చాలా కాక్టస్‌లు ముళ్ళతో కాపలా పెట్టుకున్నాయి. అరియోకార్పస్ మాత్రం కంటపడకుండా ఉండే దారి పట్టింది. కంటపడినా కొరికినవారికి నోరు చేదయ్యేలా హోర్డెనీన్ వంటి ఆల్కలాయిడ్లను ఒంట్లో దాచుకుంది. ఇదే దారి భూగోళానికి అవతలి వైపున మరో మొక్క కూడా పట్టింది. 1811లో దక్షిణాఫ్రికాలో తిరుగుతున్న విలియం బర్చెల్ అనే అన్వేషకుడు నేల మీద వింత ఆకారపు గులకరాయి కనిపిస్తే చేతిలోకి తీసుకున్నాడు. తీరా చూస్తే అది మొక్క. నేడు లిథాప్స్ అంటున్నది దాన్నే. అది కాక్టస్ కాదు, అరియోకార్పస్‌కు దానికీ చుట్టరికం లేదు. ఎండా రాళ్ళూ ఆకలిగొన్న జంతువులూ ఒకే తీరుగా ఉన్నచోట రెండు వేరువేరు కుటుంబాలు ఒకే ఉపాయానికి వచ్చాయి.

రెండో రోజు

మెట్రోలో మెజెస్టిక్ దాకా వెళ్ళి, అక్కడినుంచి బస్సులో యలహంక చేరాను. పెద్దాయన పూర్వీకులది చింతామణి వైపు పల్లె. ఇంట్లో తెలుగే, వీధిలోకి వస్తే కన్నడం. కాఫీ తాగడం కాగానే మిద్దె మీదికి తీసుకెళ్ళారు. షేడ్‌నెట్ కింద బల్లల వరుసలు, బల్లల మీద మట్టి కుండీలు. ఆయన మరే మొక్కనూ చూపించకుండా నన్ను నేరుగా ఒక వెడల్పాటి తొట్టి ముందు నిలబెట్టారు. అందులో బూడిదరంగు రాతి ముక్కలు పరిచి ఉన్నాయి.

"ఇందులో ఎన్ని మొక్కలున్నాయో చెప్పు తల్లీ. తొందరేం లేదు, నిదానంగా చూడు" అన్నారు.

నాలుగు లెక్కపెట్టాను. ఆయన పలకకుండా పిచికారీ తీసుకుని తొట్టి అంతా సన్నగా నీళ్ళు చల్లారు. తడికి రాళ్ళు ముదురు రంగుకు తిరిగాయి. మైనంలాంటి పైపొర ఉన్న మొక్కలు మాత్రం నీటి బొట్లను ముత్యాల్లా నిలబెట్టుకుని పాత రంగులోనే ఉండిపోయాయి. అప్పుడు మరో మూడు తేలాయి. ఇక చాలనుకున్నాను గానీ ఆయన నా చేతికి భూతద్దం ఇచ్చి, "రాయి ఎట్లా పడితే అట్లా పగులుతుంది, మొక్క లెక్క ప్రకారం పగులుతుంది, ఆ లెక్క వెతుకు" అన్నారు. ఆ మాట నా చూపును మార్చింది. రాళ్ళ మధ్య ఒకచోట మూడుకోణాల ముక్కలు ఒకదాని పక్కన ఒకటి సుడి తిరిగినట్టు పేర్చి ఉండడం, ఆ సుడికి నడుమ పిడికెడు ఉన్ని కుక్కినట్టు తెల్లటి నూగు ఉండడం కనిపించింది. వెనువెంటనే అలాంటివే మరికొన్ని పట్టుకున్నాను. మొత్తం పదకొండు మొక్కలు. ఒకసారి కనిపించాక వాటిని చూడకుండా ఉండడం ఇక సాధ్యం కాలేదు.

భూతద్దంలో ఒక్క బొడిపెనే చాలాసేపు చూశాను. మూడుకోణాల ఆకారం, పైభాగం బల్లపరుపు. దాని మీద ఎండిన చెరువు నేలలో వచ్చే పగుళ్ళలాంటి ముడతలు ఉన్నాయి. నడిమధ్య నిలువుగా ఒక గాడి, గాడిలో మాసిన దూదిలాంటి నూగు. అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు జార్జ్ ఎంగెల్‌మన్ 1856లో ఈ జాతిని వర్ణించినప్పుడు ఈ పగుళ్ళను బట్టే 'ఫిస్సురేటా' అని పేరు పెట్టాడు. అరియోకార్పస్ అనే ప్రజాతి పేరు అంతకు ముందే, 1838లో, దీని దాయాదికి వచ్చింది. పగులు పైకి మాత్రమే. ఆ ముడతల నడుమ దుమ్ము చేరి, ఆ దుమ్మే మొక్కకు రెండో చర్మంలా పనిచేస్తుంది. ఎడారిలో వానలు పడని నెలల్లో మొక్క తన నీటిని తానే వాడుకుంటూ కుంచించుకుపోతుంది. అప్పుడు దాని మీదికి మట్టీ రాళ్ళూ ఒరిగి మొక్క దాదాపు మూసుకుపోతుంది.

అది కుంచించుకుపోవడం మాత్రమే కాదనీ, కిందికి దిగడం కూడాననీ ఆయన చెప్పారు. దుంపలాంటి తల్లివేరు ముడుచుకుంటూ కాండాన్ని నేలలోకి లాగుతుంది. ఒక కుండీలో మొక్కను రాళ్ళకంటే ఎత్తుగా నాటి వదిలేస్తే రెండేళ్ళలో రాళ్ళతో సమానమైందట, ఆ కుండీ చూపించారు. ఈ వేరు కథ మీద 2010లో శాస్త్రీయ అధ్యయనం ఒకటి వెలువడింది. రాళ్ళున్న నేలలోకి దిగిన మొక్క లోపలి వేడి తగ్గుతుందనీ, ప్రాణం తీసే ఎండనుంచి అది అలా బయటపడుతుందనీ అందులో తేలింది. నేను ఇన్నాళ్ళూ ఇదంతా తినే నోళ్ళనుంచి దాక్కునే వేషమనే అనుకున్నాను. సూర్యుడినుంచి దాక్కోవడం కూడా ఉందని ఆ కుండీ ముందు నిలబడినప్పుడే తెలిసింది. ఈ మొక్కలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచిన సంగతి ఇదే. ఒకే కదలికతో, అదీ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల కదలికతో, రెండు గండాలు తప్పించుకుంటోంది. పగలంతా పత్రరంధ్రాలు మూసుకుని రాత్రి చల్లబడ్డాకే తెరిచి గాలి పీల్చుకునే అలవాటు దాదాపు కాక్టస్‌లన్నిటికీ ఉన్నదే. ఇంత పొదుపుగా బతికే మొక్క త్వరగా పెరగాలంటే ఎక్కడినుంచి తెచ్చి పెరుగుతుంది?

ఆ నిదానం ఎంతో పక్క బల్ల మీద చూశాను. విత్తనం వేసి మూడేళ్ళయిన పిల్లలు శనగగింజంత ఉన్నాయి. ఆ వయసులో వాటికి కంటికి ఆననంత సన్నటి ముళ్ళుంటాయి. పెద్దయ్యేకొద్దీ అవి రావడం మానేస్తాయి. తొమ్మిదేళ్ళవి ఉసిరికాయంత. సొంత వేరు మీద పెరిగే మొక్క మొదటి పువ్వు పూయడానికి పదేళ్ళకు పైగా పట్టడం మామూలే. తొందరపడేవాళ్ళు చిన్న పిల్లను డ్రాగన్ ఫ్రూట్ కాండం మీదనో త్వరగా పెరిగే పెరెస్కియాప్సిస్ అనే మరో కాక్టస్ మీదనో అంటు కడతారు. అప్పుడు మూడు నాలుగేళ్ళ పెరుగుదల ఏడాదిలో వస్తుంది గానీ మొక్క ఉబ్బి, పచ్చబడి, రాయి పోలిక పోగొట్టుకుంటుంది. ఆయన అంటుకట్టినవాటిని విత్తనాల కోసమే ఉంచుకున్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నా పొట్లం విప్పాను. ఆయన బొడిపెను పక్కన పెట్టి, వేరు ముక్కను భూతద్దం కింద తిప్పి తిప్పి చూశారు. బెరడు మడతల్లో తెల్లటి సున్నపు పొడి ఇంకా అంటుకుని ఉంది. తెగినచోట నున్నగా కోసిన గాటు.

"ఇది కుండీలో పెరిగిన పిల్ల కాదు తల్లీ" అన్నారు కాసేపటికి. "కుండీలోంచి తీసేవాడికి వేరు కొయ్యాల్సిన పనేముంది? కుండీ బోర్లిస్తే వచ్చేస్తుంది. రాళ్ళ సందులోంచి పెకలించేవాడే లోతు తవ్వలేక కోస్తాడు. నీ చేతికొచ్చేసరికే అది సగం చచ్చింది. నువ్వు పోసిన నీళ్ళు మిగతా సగం చేశాయి."

నర్సరీ మొక్కకూ అడవి మొక్కకూ తేడా ఎలా తెలుస్తుందో అప్పుడు వివరంగా చెప్పారు. విత్తనంతో పెంచినది ఒక్క మచ్చ లేకుండా, బొడిపెలన్నీ ఒకే తీరుగా, లేత బూడిదాకుపచ్చగా ఉంటుంది. ఎడారిలో ముప్ఫై నలభై ఏళ్ళు ఎండిన మొక్క అంచులు అరిగి, పురుగు కొరికిన గుంతలతో, వంకరగా ఉంటుంది. కొనేవారికి ఆ వంకరే అందంగా కనిపిస్తుంది, నాకూ అలాగే కనిపించింది. నేను మురిసిపోయిన ప్రతి మచ్చా అది అడవిలో గడిపిన ఏళ్ళకు సాక్ష్యమని, ఆ ఏళ్ళన్నిటినీ నా కుండీ నెల రోజుల్లో ముగించిందని విన్నప్పుడు నాకు గొంతు పెగల్లేదు.

అరియోకార్పస్ ప్రజాతి మొత్తం, అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందపు మొదటి అనుబంధంలో ఉంది, అంటే అడవినుంచి తీసిన మొక్కలతో దేశాల మధ్య వ్యాపారం నిషిద్ధం. మన దేశం 1976లోనే ఆ ఒప్పందంలో చేరింది. ఆ జాతుల ప్రస్తావన వన్యప్రాణి సంరక్షణ చట్టంలోకి 2022 సవరణతో వచ్చింది. చట్టం ఉన్నా ఆశ ఆగలేదు. సుమారు 1,480 కాక్టస్ జాతులను పరిశీలించి 2015లో ప్రకటించిన అంచనాలో 31 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నట్టు తేలింది, వాటిని పెకలించి అమ్ముకోవడం ముఖ్యమైన కారణాల్లో ఒకటి. చిలీలోని అటకామా ఎడారి కాక్టస్‌లు వెయ్యికి పైగా 2020లో ఇటలీలో ఒక ఇంట్లో పట్టుబడ్డాయి, బతికినవాటిలో వందలాది మొక్కలను మరుసటి ఏడాది విమానంలో చిలీకి తిప్పి పంపారు. మెక్సికో కొండల్లోని రారామురి ప్రజలు ఈ ప్రాణమున్న రాయిని సునామి అని పిలిచేవారనీ, అది ఉన్న ఇంట దొంగల ఆటలు సాగవని నమ్మేవారనీ కార్ల్ లుమ్‌హోల్ట్స్ అనే యాత్రికుడు 1902లో రాశాడు. ఆ నమ్మకం గురించి చదివినప్పుడల్లా ఇష్టంగా ఉండేది. ఆ రోజు తలుచుకుంటే బాధగా ఉంది. కుందేలు కళ్ళను లక్షల ఏళ్ళుగా మోసగించగలిగిన వేషం, కావాలని వెతుకుతూ వచ్చిన మనిషి ముందు ఒక్క పూత కాలంలో వీగిపోతోంది. ఏడాదంతా రాయిలా ఉన్న మొక్క పువ్వు పూసిన ఆ కొద్ది రోజుల్లో తన చోటు తానే చెప్పేస్తుంది.

మూడో రోజు

పెద్దాయన మొక్కల్లో ఒకదానికి మొగ్గ వచ్చింది గానీ విచ్చడానికి ఇంకో రోజు పడుతుందన్నారు. అందుకని ఆ పగలు లాల్‌బాగ్ వెనుక సిద్దాపుర నర్సరీల్లో తిరిగాను. రోడ్డుకిరువైపులా గులాబీలు, క్రోటన్లు, మామిడి అంట్లు. కాక్టస్‌ల అరల్లో ఎక్కడ చూసినా ఎర్రటి, పసుపు తలల 'మూన్ కాక్టస్‌లు' ఉన్నాయి. పత్రహరితం లేని ఆ తలలు సొంతంగా బతకలేవు, కింద అంటుకట్టిన ఆకుపచ్చ కాండం పెట్టే తిండితోనే బతుకుతాయి. అరియోకార్పస్ ఉందా అని అడిగితే ఒక దుకాణంలో లేదన్నారు, మరోచోట పేరే వినలేదన్నారు. అది లేకపోవడమే నాకు ఊరటగా అనిపించింది.

కాక్టస్ కుటుంబమంతా, ఒక్క జాతి తప్ప, అమెరికా ఖండాలదే. మన చేలగట్ల మీది నాగజెముడు కూడా అక్కడినుంచి వచ్చినదే. 18వ శతాబ్దం చివర ఎర్రరంగు తయారీ కోసం కుంపెనీవారు మద్రాసు సైదాపేటలో నాగజెముడు తోట పెంచారు. నాగజెముడు మీద బతుకుతూ ఆ రంగునిచ్చే కొచినియల్ పురుగును కూడా 1795లో తెప్పించారు. తీరా వచ్చినది మేలురకం రంగు ఇచ్చే పురుగు కాదు. రంగు సంగతి దెబ్బతిన్నా, ఆ పురుగు దక్షిణాదిన ఒక రకం నాగజెముడును తిని అణచివేసింది. పురుగుతో కలుపును అదుపు చేయడంలో ప్రపంచంలోనే తొలి ఉదాహరణల్లో ఇదొకటి. ఒకే కుటుంబంలో ఒకటి ఖండాలు దాటి వచ్చి ఆపడానికి వీల్లేనంతగా అల్లుకుపోతే, మరొకటి పుట్టిన గుట్ట దాటకుండానే కరిగిపోతోంది.

సాయంత్రం నాలుగింటికి మబ్బు కమ్మి వాన మొదలైంది. ఈశాన్య రుతుపవనాల వాన, పట్టిందంటే విడవదు. ఎడారి మొక్క మొగ్గలో నీరు నిలిస్తే కుళ్ళుతుందని గుర్తొచ్చి ఫోన్ చేశాను. మిద్దె మీద ప్లాస్టిక్ పట్ట కప్పేశామని పెద్దాయన కోడలు చెప్పింది.

నాలుగో రోజు

తెల్లారేసరికి తెరిపిచ్చింది. పది గంటలకు మిద్దె మీద ఉన్నాను. మొగ్గ కొన నూగులోంచి చూపుడువేలి గోరంత బయటికి వచ్చి ఉంది. ఎండ దాని మీద పడిన గంటకు రేకులు విడివడడం మొదలైంది. పన్నెండు కావచ్చేసరికి పూర్తిగా విచ్చుకుంది. పాత ఐదు రూపాయల బిళ్ళకంటే పెద్ద పువ్వు. ముదురు గులాబీరంగు రేకులు పట్టులా మెరుస్తున్నాయి, నడుమ పసుపు పుప్పొడి గుత్తి, దానిలోంచి తెల్లటి కీలాగ్రం. రెండు రోజుల కిందట నేను భూతద్దంతో వెతుక్కున్న మొక్క ఇప్పుడు మెట్ల దగ్గరినుంచే కనిపిస్తోంది.

ఈ మొక్క తన పుప్పొడితో తాను సాధారణంగా కాయ కట్టదు. అదే రోజు పూసిన రెండో మొక్క పక్కనే ఉంది. పెద్దాయన సన్నటి కుంచె నాకిచ్చి, "నువ్వే చెయ్యి తల్లీ" అన్నారు. ఒక పువ్వులో కుంచె తిప్పి, అంటుకున్న పసుపు పొడిని రెండోదాని కీలాగ్రం మీద అద్దాను. తిరిగి మొదటిదానికి అలాగే చేశాను. కాయ కట్టినా వెంటనే కనిపించదు, నూగు లోపలే దాగి నెలల తరువాత ఎండి నల్లటి విత్తనాలు వదులుతుంది.

బయలుదేరేటప్పుడు కిందటేడు విత్తనాలు ముప్ఫై కాగితంలో కట్టి ఇచ్చారు. మట్టి గురించి అడిగాను. తోటమట్టి తక్కువ, ఇసుకా రాతి నలుసూ ఎక్కువ ఉండాలన్నారు. "సున్నపురాయి కోసం ఎక్కడికో పోనక్కరలేదు, మీ తాడిపత్రి నాపరాయి ఉండనే ఉంది కదా. బండలు కోసేచోట పడేసే ముక్కలు చాలు" అన్నారు. నా పొట్లంలోని వేరు ముక్కను తన దగ్గరే ఉంచుకుంటానన్నారు, వచ్చేవాళ్ళకు చూపించడానికి. బొడిపె నేను తెచ్చుకున్నాను.

రాత్రికి అనంతపురం చేరి, మర్నాడు ఉదయం ఊరి చివర బండల డిపోకు వెళ్ళి నాపరాయి ముక్కలు దోసెడు అడిగి తెచ్చుకున్నాను. కడిగి, ఆరబెట్టి, తొట్టిలో ఇసుక మీద ముప్ఫై విత్తనాలు చల్లి, పైన రాతి నలుసు పరిచి, తేదీ రాసి గుచ్చాను. తొట్టి అంచున పెద్ద ముక్కలు పేరుస్తూ ఆ ఎండిన బొడిపెను కూడా వాటి నడుమ ఒకచోట ఉంచాను. మూత వేయబోతూ మళ్ళీ చూస్తే అది ఎక్కడుందో కనిపించలేదు. నడుమ గాడి ఉన్న ముక్క కోసం ఒక్కొక్క రాయినీ వేలితో తడిమి చూడాల్సి వచ్చింది.